ధూళి మాటున తారలు

వేసవిలో అర్ధరాత్రి దాటిన పిమ్మట తొర్రూరు దాపున, దీపకాంతి సోకని చేలగట్టుపై నిలిచి దక్షిణమునకు చూచినచో, ధనూరాశి మీదుగా సాగు పాలపుంత కానవచ్చును. అందు నడుమ నడుమ నల్లని చారలుండును. అచ్చట తారలు లేవని పూర్వమనేకులు తలచిరి. అది శూన్యము కాదు. తారల నడుమ వ్యాపించిన సన్నని ధూళి. ఆ ధూళి నక్షత్రకాంతిని హరించుచున్నదని 1930లో ట్రంప్లర్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

హైదరాబాదునందు 1901లో స్థాపింపబడిన నిజామియా వేధశాల, నానాదేశముల వేధశాలలతో కలిసి ఆకాశపటమును సిద్ధము చేసెను. ఆనాటి ఛాయాచిత్ర ఫలకములు నీలికాంతినే మిక్కిలిగా గ్రహించునట్టివి. ధూళి ఎక్కువగా అడ్డగించునదియు నీలికాంతినే. కావున తెర వెనుకనున్న తారలు వాటికి చిక్కలేదు.

పొగయు సన్నదుమ్మును కమ్మిన దిగంతమున అస్తమించు సూర్యుడు ఎఱ్ఱగా కనబడును గదా! నీలికాంతి చెదరిపోగా ఎఱ్ఱకాంతి దూసికొని వచ్చును. కంటికి కానరాని పరారుణ కిరణములు ఇంకను సులభముగా దాటివచ్చును. ఈ కిరణములను గ్రహించు విస్టా దూరదర్శినితో చిలీ దేశమునుండి 2010 మొదలుకొని పాలపుంత నడిబొడ్డును శోధింపగా, ధనూరాశిలో వీవీవీ సీఎల్ 001 అను తారాగుచ్ఛము బయల్పడెను.

ఖగోళశాస్త్రజ్ఞులు హైడ్రోజను, హీలియములు తప్ప తక్కిన మూలకములనన్నిటిని లోహములనియే పిలుతురు. ఇవి తారల గర్భమున పుట్టి, వాటి మరణముతో అంతరిక్షమున వెదజల్లబడును. తొలితరముల తారలకు ఆ సొత్తు దక్కలేదు. ఈ గుచ్ఛమందలి తారలలో ఇనుము పాలు సూర్యునిలో నున్నదానిలో నూరవ వంతైనను లేదు. దీని వయస్సు సుమారు 1,200 కోట్ల సంవత్సరములని అంచనా.

మన నెత్తురులోని ఇనుము ఏ కొలుములలో పుట్టినదో తెలియవలెనన్న, ఇనుము మిక్కిలి కొఱతపడిన ఈ ముదుసలి తారలనే అడుగవలెను. చూపునకు అందనిది లేనే లేదనుకొనుట తొందరపాటు.