టేకు ఆకు ఎప్పుడు రాలుతుంది?

సంక్రాంతి సెలవుల్లో జన్నారం నుంచి ఉట్నూరు వైపు వెళ్లినవారు ఒక మార్పు గమనించే ఉంటారు. వర్షాకాలంలో దట్టంగా ఉన్న టేకు అడవి అప్పటికి పలచబడుతుంది. కొన్ని చెట్లు పసుపు రంగులో, కొన్ని గోధుమ రంగులో, మరికొన్ని మోడుల్లా కనిపిస్తాయి. అవి చచ్చిపోయాయా? లేదు. ఎండాకాలానికి సిద్ధమవుతున్నాయి.

గోదావరికి ఉత్తరాన పాత ఆదిలాబాద్ జిల్లా, దక్షిణాన పాత కరీంనగర్ జిల్లా ఉన్నాయి. 2016లో వీటిని చిన్న జిల్లాలుగా విభజించారు. అటు కవ్వాల్, ఇటు మహదేవపూర్ అడవులు రెండూ ఆకురాల్చే అడవులే.

రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆకుకు పచ్చదనాన్నిచ్చేది పత్రహరితం. ఆకులో కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ వర్ణకాలు కూడా మొదటినుంచీ ఉంటాయి. కాని పత్రహరితం ఎక్కువగా ఉన్నంతకాలం అవి బయటపడవు. ఆకు ముదిరి రాలే సమయానికి పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు పసుపు రంగు పైకి తేలుతుంది.

ఎరుపు సంగతి వేరు. అనేక పాఠశాలల ఆవరణలో బాదం చెట్టు ఉంటుంది. దాని ఆకు రాలేముందు ఎర్రబడుతుంది. ఈ ఎరుపుకు కారణమైన ఆంథోసయనిన్లు చాలావరకు అప్పుడు కొత్తగా తయారైనవే. రావి లేత చిగుళ్ల ఎరుపుకూ ఇవే కారణం.

ఆకు రాలేలోగా చెట్టు అందులోని నత్రజని, భాస్వరం వంటి పోషకాలలో కొంత భాగాన్ని కొమ్మల్లోకి తీసుకుంటుంది. కాడ మొదట్లో ఒక బలహీనమైన పొర ఏర్పడుతుంది. ఆకు అక్కడే తెగుతుంది. ఆ గాయాన్ని బెండువంటి పొర కప్పేస్తుంది. కొమ్మమీద ఆ మచ్చను మీరు చూడవచ్చు.

చలివల్లనా? నీరు లేకనా?

ఐరోపా, ఉత్తర అమెరికాలలో సెప్టెంబరు నుంచి నవంబరు వరకు పగళ్లు తగ్గి చలి పెరుగుతుంది. అక్కడి చెట్లు అప్పుడు ఆకులు రాలుస్తాయి. ఆదిలాబాద్ కూడా చలికి పేరుపడ్డ ఊరే. మరి ఇక్కడి ఆకులూ చలికే రాలుతున్నాయా?

దీన్ని తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వాగు ఒడ్డున ఒక టేకు చెట్టును, గుట్టమీద రాళ్లనేలలో మరో టేకు చెట్టును ఎంచుకోండి. రెండింటికీ సోకే చలి దాదాపు ఒకటే. కాని వాటి వేళ్లకు అందే నీరు వేరు. సాధారణంగా గుట్టమీది చెట్టే ముందు మోడవుతుంది. ఆకుల సూక్ష్మరంధ్రాలనుంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. వానలు ఆగి నేల ఎండాక ఆ ఖర్చును చెట్టు భరించలేదు. అందుకే ఆకులను వదిలించుకుంటుంది. అంటే మన అడవిలో ఆకురాలడానికి ముఖ్య కారణం నీటి కొరత.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. టేకును టేకుతోనే పోల్చాలి. వాగు ఒడ్డు నేరేడును గుట్టమీది టేకుతో పోలిస్తే, తేడా నీటివల్ల వచ్చిందో, చెట్టు జాతివల్ల వచ్చిందో చెప్పలేము.

కెమెరాతో పరిశీలన

1. నవంబరు నుంచి మార్చి వరకు ప్రతి ఆదివారం రెండు చెట్లకూ ఫొటో తీయండి. సెల్‌ఫోన్ కెమెరా చాలు. నిలబడే చోట ఒక రాయి గుర్తు పెట్టుకోండి. ప్రతిసారీ అదే చోటు, అదే దిక్కు, అదే వేళ ఉండాలి.

2. ఒక్కొక్క ఆకును దగ్గరగా తీసేటప్పుడు సూర్యుడు ఆకు వెనుక ఉండేలా చూడండి. ఆకు గుండా వచ్చే వెలుతురులో ఈనెలూ, రంగులూ స్పష్టంగా కనిపిస్తాయి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి.

3. తేదీ, చోటు, చెట్టుమీద మిగిలిన ఆకులు సగమా, పావా అనేది నోటుపుస్తకంలో రాయండి.

4. జల్లెడలా మారిన గోధుమరంగు ఆకు కనబడితే తొందరపడి లెక్కలో వేయకండి. ఒక పురుగు ఈనెలను వదిలి మధ్య భాగాన్ని తినడంవల్ల కూడా టేకు ఆకు అలా అవుతుంది.

అడవికి పెద్దలతోనే వెళ్లాలి. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. అక్కడ అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఊరిబయటి చెట్లతోనూ ఈ పరిశీలన చేయవచ్చు.

రాలిన ఆకు వృథా కాదు

నేలమీది ఆకు కుళ్లి, మిగిలిన పోషకాలను మట్టికి చేరుస్తుంది. నేలలోని తేమను కాపాడుతుంది. కాని మార్చి ఎండల్లో అదే ఆకు ఒక్క బీడీముక్కతో అంటుకుంటుంది. ఇప్పపువ్వు ఏరడం తేలికవుతుందని చెట్టుకింద ఆకులకు నిప్పు పెట్టినా మంట అక్కడితో ఆగకపోవచ్చు. పెద్ద టేకు తట్టుకున్నా, దాని కింద మొలిచిన చిన్న మొక్కలు మాడిపోతాయి. నిప్పుకు బదులు చీపురుతో ఊడ్చుకుంటే పువ్వూ దక్కుతుంది, అడవీ దక్కుతుంది.

మార్చిలో మీ ఫొటోలన్నీ వరుసగా పేర్చండి. ఏ చెట్టు ముందు మోడయింది? ఎన్ని వారాల తేడా వచ్చింది? వచ్చే ఏడు వానలు తక్కువ పడితే ఆ తేడా మారుతుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు కావాలంటే వచ్చే ఏడు కూడా అదే రాయిమీద నిలబడాలి.