బేసిక్ ఎంత, తమ్ముడూ?

పోయిన ఆదివారం మా సోనాపూర్ క్యాంపులో, కొత్తగా దిగిన జగిత్యాల పిలగాడు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో ఏదో లెక్క చూస్తున్నాడు. దుబాయి వచ్చి నలభై రోజులు కాలేదు. "అన్నా, ఏడేండ్లు చేస్తే గ్రాట్యుటీ ఇంత వస్తదట" అని స్క్రీన్ నా ముందు పెట్టాడు. ఆ అంకె చూడగానే నా పాత గాయం సలిపింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

సిమ్ము, బస్సెక్కే నోల్ కార్డు మొదటి వారంలోనే సర్దుకుంటాయి. వంట రూమువాళ్ళతో వంతులు వేసుకోండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ రీల్స్ చూడకుండా కునుకు తీయండి. ఇవి నేను చెప్పకపోయినా నేర్చుకుంటారు.

హిసాబు మాత్రం ఎవరూ నేర్పరు.

2023లో పాత కంపెనీ వదిలేటప్పుడు నేనూ ఒక కాలిక్యులేటర్ తెరిచాను. జీతం ఎంత అని అడిగింది. రెండు వేల దిర్హాములు అని కొట్టాను. ఏడేండ్ల సర్వీసు. 11,000 అని చూపించింది. ఆ రాత్రే మేస్త్రికి ఫోను చేసి మా ఇంటి మీది స్లాబు మాట్లాడేశాను. చేతిలో పైసా లేదు, నోట్లో స్లాబు!

గ్రాట్యుటీ లెక్క కట్టేది చివరి బేసిక్ మీద. నా రెండు వేలలో బేసిక్ 1,200. మిగతా 800 రూముకు, బస్సుకు, తిండికి ఇచ్చే అలవెన్సులు. ఏడాది నిండిన వాళ్ళకు మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులు. రోజుకు 40 చొప్పున 4,200, మిగతా రెండేండ్లకు 2,400. వెరసి 6,600. తమ్ముడూ, మళ్ళీ చెప్తున్నా: మొత్తం జీతం కాదు, బేసిక్. గోడ మీద రాసుకో.

అక్కడితో అయిపోలేదు. నాన్న కరీంనగర్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చుట్టీ అయిపోయాక కూడా 73 రోజులు జీతం లేకుండా ఉండిపోయాను. ఆ రోజులు సర్వీసులో కలవవు. మరో 240 పోయి, చేతికొచ్చింది 6,360. నాన్న మంచం పక్కన కూర్చున్న ఆ రోజులను 240 దిర్హాములకు ఎవరడిగినా ఇవ్వను. కానీ లెక్కలో తీసేయాల్సిందే.

ఇంకో రకం కాలిక్యులేటర్ ఉంది, అది మన పైసలే మింగుతుంది. మా రూములో ఒకతను బేసిక్ 1,500 మీద నాలుగేండ్లు చేసి రాజీనామా ఇచ్చాడు. రావాల్సింది 4,200. అతని ఫోన్లో 2,800 అని చూపించింది. మూడు నుంచి ఐదేండ్ల లోపు తనే మానేస్తే మూడోవంతు కోసే పాత చట్టం లెక్క అది. 2022 ఫిబ్రవరి 2న కొత్త చట్టం వచ్చి ఆ కోత పోయింది. అది ఆ కాలిక్యులేటర్‌కు తెలియదు. 2,800కే సంతకం పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. సౌదీలో రాజీనామా కోత ఇప్పటికీ ఉంది, కువైట్‌లో మొదటి ఐదేండ్లకు 15 రోజులే. కాబట్టి రియాద్ నుంచి మీ బావ పంపిన లింకు మీకు పనికిరాదు. ఇది కూడా చెప్పాలా!

నాన్న వడ్ల కాంటా దగ్గర బస్తా పెట్టే ముందు, తనకు బరువు తెలిసిన రాయిని పెట్టి చూసేవాడు. మీరూ అట్లాగే చూడండి. ముందు బేసిక్ 3,000, సర్వీసు ఆరేండ్లు అని కొట్టండి. 13,500 రావాలి. తర్వాత సర్వీసు నాలుగేండ్లు చేసి, వచ్చిన అంకె చూసుకుని, రాజీనామా అని మార్చండి. అంకె కదిలిందా, ఆ కాలిక్యులేటర్ ఖల్లీవల్లీ. సరిగ్గా చూపితేనే మీ అంకెలు వేయండి. బేసిక్ ఎంతో ఊహించకండి, కార్మిక శాఖ దగ్గరున్న కాంట్రాక్టులో చూడండి. పని మానేసిన 14 రోజుల్లో కంపెనీ మీ హిసాబు తేల్చాలి. మీ లెక్క కాగితం మీద రాసుకుని పోండి.

పిలగాడు నా ముందే బేసిక్ వేసి మళ్ళీ చూశాడు. అంకె సగానికి దగ్గరగా దిగింది. "అమ్మకు ముందే చెప్పిన అన్నా" అన్నాడు.

ఈ రాత్రే ఫోను చేసి తగ్గించి చెప్పమన్నాను. నేను చెప్పలేక రెండు నెలలు ఇంటికి ఫోనే తగ్గించాను. మా ఇంటి మీద స్తంభాల చువ్వలు ఇంకా వానకు తుప్పు పడుతున్నాయి. అమ్మ వాటి మధ్య తాడు కట్టి బట్టలు ఆరేస్తోంది.