అంబాసిడర్‌కి ఏ ఆయిల్ పోయాలి?

సాఫ్ట్‌వేర్‌లో మనకో అలవాటు ఉంది, కొత్త వర్షన్ వస్తే చాలు అప్‌డేట్ కొట్టేస్తాం. పాత కార్ల దగ్గర అది నడవదు. మా పెదనాన్నగారికి 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4 ఉంది, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. షాపులో "సింథటిక్ 5డబ్ల్యు-30 పోయించండి సార్, ఇప్పుడన్నిటికీ అదే" అంటే ఆయన ససేమిరా అన్నారు. ఎందుకా అని చదవడం మొదలుపెట్టాను.

ముందు ఆ నంబర్లు. డబ్ల్యుకి ముందున్నది చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. తర్వాతది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఆ వేడిలో 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు. అరిగిన పాత ఇంజన్‌లో సందులు ఎక్కువ. పల్చటి ఆయిల్ పోస్తే ప్రెజర్ నిలవదు, సీళ్ళ దగ్గర కారుతుంది కూడా. మన ఎండలకి 20డబ్ల్యు-50 మినరల్ ఆయిలే సరి.

ఇంకో సంగతి, నాకైతే ఇదే అసలైనది అనిపించింది. ఈ ఇంజన్‌లో ట్యాపెట్లకి రోలర్లు ఉండవు, క్యామ్‌ని నేరుగా రాసుకుంటూ కదులుతాయి. ఆ రాపిడి నుంచి కాపాడేది ఆయిల్‌లో ఉండే జెడ్‌డీడీపీ, అంటే జింక్, ఫాస్ఫరస్ ఉన్న రసాయనం. అదే ఫాస్ఫరస్ కొత్త కార్ల కేటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అందుకే 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం ప్రమాణం 5డబ్ల్యు-30 లాంటి పల్చటి గ్రేడుల్లో దాన్ని 0.08 శాతం దాటనివ్వలేదు. 20డబ్ల్యు-50కి ఆ హద్దు లేదు. అయినా కొనేముందు డేటా షీట్‌లో జింక్ ఎంతుందో చూసుకోవడం మంచిది.

గేర్‌బాక్స్‌కి మాన్యువల్ ఏది చెబితే అదే. జీఎల్-4 అడిగిన చోట "పెద్ద నంబర్ కదా" అని జీఎల్-5 పోస్తే, అందులోని గంధకం ఇత్తడి సింక్రో రింగుల్ని తినేసే ప్రమాదం ఉంది. రేడియేటర్‌లో బోరు నీళ్ళు వద్దు, లోపల సున్నంలా పొర కడుతుంది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపాలి.

ఇక ప్రాణాలతో ముడిపడింది బ్రేక్ ఫ్లూయిడ్. ఇది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు అది మరిగి ఆవిరైతే పెడల్ నేల దాకా వెళ్తుంది, బండి మాత్రం ఆగదు. డాట్ 4 తర్వాత డాట్ 5 కదా అని కలిపేయకండి. అది సిలికాన్, వీటితో కలవదు. డాట్ 5.1 మాత్రం మళ్ళీ గ్లైకాలే! (ఇలా వర్షన్ నంబర్లు పెడితే మన ల్యాబ్‌లో మార్కులు పడవు.) రెండేళ్ళకోసారి మొత్తం మార్చాలి, మూత తీసిన సీసాలో మిగిలింది దాచి తర్వాత పోయకూడదు.