కెంటు మండలమందలి ప్రాచీన పూటకూళ్ల యిండ్లు

ఆంగ్లదేశపు ఆగ్నేయమూలను, లండను నగరమునకును సముద్రమునకును నడుమ, కెంటు అను మండలము గలదు. ఐరోపాఖండమునుండి ఓడలో వచ్చి డోవరు రేవున దిగినవాఁడు లండనుకు పోవలెనన్న ఈ మండలమును దాఁటవలసినదే. దూరము రమారమి 71 మైళ్లు. రోమకుల కాలమునుండియు ముఖ్యమైన యీ బాట వెంబడి, మనుష్యునికి కూడును పడకయు, గుఱ్ఱమునకు గడ్డియు దాణాయు అమ్ము ఇండ్లు వెలసెను. బాటను నమ్ముకొని అవి యెట్లు బ్రదికెనో, బాట మాఱినపుడు వాని గతి యేమయ్యెనో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట మూఁడు పేర్ల భేదమును విద్యార్థులు గుర్తెఱుంగవలెను. బాటసారికి భోజనమును రాత్రి బసయు నిచ్చునది ఇన్. ద్రాక్షసారాయమును అమ్మునది టావెర్న్. యవధాన్యముతో చేసిన ఏలు అను పానీయమును ఊరివారికి అమ్ము చిన్న యిల్లు ఏల్‌హౌసు. 1552వ సంవత్సరపు శాసనముచే ఏల్‌హౌసు పెట్టువాఁడు న్యాయాధికారులవద్ద అనుమతి పొందవలసినవాఁడయ్యెను. 1577లో డోవరు రేవు మరమ్మతుకు పన్ను వేయఁదలఁచి ప్రభుత్వమువారు ఈ యిండ్లను లెక్కింపించిరి. లెక్క చేరిన మండలములలో ఏల్‌హౌసులు 14,000కు మించియుండఁగా, ఇన్నులు 1,600కు కొంచె మెక్కువ మాత్రమే.

మన సత్రమున అన్నము ఉచితము. ఇన్‌లో డబ్బిచ్చి తినవలెను. అయినను ఇన్ యజమాని కేవలము వర్తకుఁడు గాఁడు. గదులు ఖాళీగా నుండఁగా, వెల చెల్లింపఁగల సాధువర్తనుఁడైన బాటసారిని, అతఁ డెవ్వఁడైనను సరే, త్రోసిపుచ్చుటకు ఆంగ్లధర్మశాస్త్రము వానికి అధికార మీయలేదు. అతిథి సొత్తు ఇంటిలో పోయినచో యజమానియే బాధ్యుఁడని 1584లో జరిగిన కేలీ వ్యాజ్యమున న్యాయాధిపతులు విశదపఱచిరి. ముఖ మెఱుఁగని వాని రాత్రికి పూచీపడుమని వర్తకుని శాసించిన యీ ధర్మము మిగుల కొనియాడఁదగినదని మాకు తోఁచుచున్నది. 1956వ సంవత్సరపు హోటళ్ల చట్టమునను దీని సారము నిలిచియే యున్నది.

కెంటు ఇన్నులకు మొదటి మహాదశ యాత్రికులవలన కలిగెను. 1170లో కాంటర్‌బరీ దేవాలయమున ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ హతుఁడయ్యెను. 1173లో పరిశుద్ధుఁడుగా ప్రకటింపఁబడెను. నాఁటినుండి ఆతని సమాధికి జనులు తండోపతండములుగా రాసాగిరి. 1392 మొదలు 1395 వఱకు ఆ మఠాధిపతియగు చిల్లెండెను, దేవాలయమునకు పోవు ఇఱుకు సందు మొగదల, చెకర్ ఆఫ్ హోప్ అను గొప్ప ఇన్నును కట్టించెను. మేడమీఁది శాలకు నూఱు పడకల శాల యని పేరు. సన్న్యాసులు బస కట్టి అద్దె పుచ్చుకొనుట వింతగా నుండవచ్చును గాని, మఠమునకు అదియు నొక రాబడి. చాసరు కవి తన యాత్రికులను సదర్కులోని టాబర్డు ఇన్నునుండి బయలుదేఱఁదీసెను గదా. ఆతని తరువాతి కవి యొకఁడు కథను పొడిగించి, వారిని కాంటర్‌బరీలో ఈ చెకర్ ఇన్నుననే దింపెను.

వెల యిచ్చుకొనలేని యాత్రికుని మాట యేమి? వానికై ఈస్ట్‌బ్రిడ్జి ధర్మశాల యుండెను. అదియే నిజముగా మన సత్రమునకు సాటి. 1342లో ఏర్పఱచిన నిబంధనల ప్రకారము, ఆరోగ్యవంతునకు ఒక్క రాత్రి మాత్రమే బస. రోగికి అంతకు మించి ఉండవచ్చును. పడకలు మొదలగు పరిచర్య నలువది యేండ్లు దాఁటిన సచ్ఛీలవతి యొకతె చూడవలెను. కట్టడము నేఁటికిని నిలిచి, వృద్ధులకు ఆశ్రయముగా నున్నది.

1538లో ఎనిమిదవ హెన్రీ రాజు సమాధిని ధ్వంసము చేయించెను. యాత్రలు ఆఁగెను. ఐనను బాట ఆఁగలేదు; రాయబారులును వర్తకులును సైనికులును నడచుచునే యుండిరి.

రెండవ దశ బండ్లవలన వచ్చినది. 1784లో జాన్ పామరు అనునాతఁడు తపాలాబండ్లను మొదలిడఁగా, మఱుసటియేఁటికే డోవరు బాటను అవి పరుగిడెను. కొన్ని మైళ్ల కొకతూరి గుఱ్ఱములను మార్చుట తప్పనిసరి గనుక, ఇన్ వెనుక గుఱ్ఱపుసాల లేనిదే వ్యాపారము లేదు. బండి దూరఁదగిన ఎత్తైన వీథిద్వారము, లోపల విశాలమైన ముంగిలి, చుట్టును గదులు, ఇదియే నాఁటి గొప్ప ఇన్ రూపము. భోజనమునకు వ్యవధి బహు స్వల్పము. ఆహారము చల్లాఱులోపలనే కొమ్ము మ్రోఁగుచుండెనని ప్రయాణికుల మొఱ.

పెద్దబాటకు దూరమైన పల్లెలలో వేఱొక విధమగు బేరము నడచెను. తేయాకుపైని సుంకము మితిమీఱియుండుటచే హాక్‌హర్స్టు ముఠావారు దొంగసరకును రాత్రులందు మోసి, ఇన్నులలో నిర్భయముగా కూడుచుండిరి. 1747లో గౌడ్‌హర్స్టు గ్రామస్థులు, సైన్యమున పనిచేసిన స్టర్టు అనువాని నాయకత్వమున, ఆయుధములు పట్టి వారి నోడించిరి. ముఠా నాయకుఁడగు కింగ్స్‌మిల్ 1749లో ఉరితీయఁబడెను. కాని ఆ దొంగబేరమునకు లాభ ముడిగినది 1784లో తేయాకు సుంకము తగ్గింపఁబడిన పిదపనే.

రాచెస్టరు పురమందలి బుల్ ఇన్ డికెన్సు మహాశయుని పిక్విక్ గ్రంథమున వచ్చును. ఆ గ్రంథము వెలువడనారంభించిన 1836లోనే, నవంబరు తుపానున వంతెన చెడుటచే, విక్టోరియా రాకుమారి అచ్చట ఒక రాత్రి ఆఁగవలసివచ్చెను. మఱుసటియేఁడు ఆమె రాణి యయ్యెను. ఇన్ పేరు రాయల్ విక్టోరియా అండ్ బుల్ అయ్యెను.

ఇంతటి ప్రఖ్యాతియు దానిని కాపాడలేకపోయెను. 1844లో పొగబండి డోవరును చేరెను. అది రాచెస్టరు మీఁదుగా గాక, దక్షిణముగా టన్‌బ్రిడ్జి, ఆష్‌ఫర్డు మీఁదుగా పోయెను. అనఁగా బాటసారులు బండిని విడుచుటయే గాదు, ఆ యూళ్లనే విడిచిరి. తపాలాబండ్లు నిలిచిపోయెను, గుఱ్ఱపుసాలలు ఖాళీ యయ్యెను. చెకర్ ఇన్నున చాలభాగము 1865లో అగ్నికి ఆహుతి కాఁగా, సందు మొగదలి మూలభాగము మాత్రము మిగిలినది. రాచెస్టరులోని బుల్ భవనమునకు, బండ్లు దూరుటకై తీర్చిన ఆ వెడల్పాటి వీథిద్వారము నేఁటికిని కానవచ్చును.