కరువు ఒళ్లు, కడుపు నిండిన కాలం

అనంతపురం

చిరంజీవి తమ్ముడికి,


నువ్వు పంపిన రిపోర్టు చూశాను. బరువు 86 కిలోలు, మూడు నెలల షుగరు పరీక్ష 6.1. అది 5.7 నుంచి 6.4 మధ్యలో ఉందంటే షుగరు ఇంకా ఇంట్లోకి రాలేదు, గడపలో నిలబడింది అనుకో. వెనక్కి పంపొచ్చు. కానీ నువ్వు ఫోన్లో చెప్పిన రెండు సంగతులు నాకు నచ్చలేదు. రేపట్నుంచి ఒంటిపూట భోజనమంటివి. డబ్బాల్లో అమ్మే పొడి కలుపుకొని తాగుతానంటివి. రెండూ వద్దు.

మన జేజి 1952 కరువులో గంజి కేంద్రం ముందర చెంబు పట్టుకొని నిలబడిన మనిషి. ఆ ఆకలి ఆమెతో పోలేదు. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని ఇంగ్లండు బిడ్డలతో పోల్చి కొలిచాడు. మనవాళ్లు బరువులో బాగా తక్కువ. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు, తగ్గింది కండ. తల్లికి తిండి చాలనప్పుడు కడుపులోని బిడ్డ ఒళ్లు కొవ్వును కాపాడుకోవడం నేర్చుకుంటుందని పరిశోధకులు అంటారు. అందుకే మనకు కొలతలు వేరు. బయట చాలా దేశాల్లో బీఎంఐ 25 దాటితే అధిక బరువు. 2009లో మన వైద్యులు ఆ గీతను 23 దగ్గర గీశారు. 25 నుంచే ఊబకాయమన్నారు. నువ్వు 30 దగ్గరున్నావు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు, టేపుతో కొలుచుకో. ఎవరన్నా లావని నవ్వితే తల దించుకోవద్దు. ఈ ఒళ్లు సోమరితనంతో మాత్రమే వచ్చింది కాదు.

ఇట్లాంటి ఒంటిని మళ్లీ పస్తు పెడితే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. మనకు అసలే తక్కువున్నది అదే. తర్వాత ఆకలికి ఆగలేక తింటావు. బరువు తిరిగొస్తుంది, కండ అంత తొందరగా రాదు.

పూట మానకుండా పళ్లెం మార్చుకో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో మన పెద్దలు కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ, కంది పండించుకున్నారు. తర్వాత పొలమంతా చెనక్కాయ అయింది, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక మూడుపూటలా వరన్నమే అయింది. ఆ బియ్యం ఎన్నిళ్ల ఆకలి తీర్చిందో నాకు తెలుసు, దాన్నేమీ అనను. అయితే బావిలో నీళ్లు చేది, మిట్ట మధ్యాహ్నం కలుపు తీసిన మనిషి తిన్నంత అన్నం, బండి మీద ఆఫీసుకు పోయి కూర్చునే నువ్వు తింటే అది ఎక్కడికి పోవాల?

కొర్రలు తింటే చాలు సన్నబడతారన్న మాటా నమ్మొద్దు. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండుగా ఉంటుంది, అంతే. పళ్లెం నిండా తింటే కొర్రన్నమైనా లావే. సంగటి రెండు ముద్దలు తినేచోట ఒకటి తిను. పక్కన ఆకుకూర పప్పు దండిగా పెట్టుకో, ఒకరోజు ఉలవచారు, ఒకరోజు గుడ్డు. ఉగ్గాని తిను, పక్కన బజ్జీలు మానుకో. చెనక్కాయల్లో వందగ్రాములకు 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి, 560 దాకా క్యాలరీలూ ఉన్నాయి. గుప్పెడు మంచిది, టీవీ ముందు చేటెడు కాదు. టీలో చక్కెర మొదట తగ్గించు, తర్వాత పూర్తిగా మానెయ్.

నడక వారానికి 150 నిమిషాలు. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం ఉండాల. మార్చి దాటితే మన ఎండ సంగతి నీకు తెలుసు, ఆరుకల్లా బయలుదేరు. వారానికి రెండ్రోజులు కండకు పని చెప్పు: గోడకు చేతులానించి దండీలు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా ఖర్చు పెట్టేది కండే. మోకాలు నొప్పి అంటివి కదా, పరుగు జోలికి పోవద్దు. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినామని ఎముకల డాక్టరుకు చెప్పు, లేకుంటే నెపమంతా బరువు మీదే పోతుంది.

పొడి అమ్మేవాడు నీ రక్తం చూడడు. ప్రభుత్వాసుపత్రిలో 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు ఉచితంగానే చూస్తారు. అక్కడికి పోయి థైరాయిడ్, కొలెస్ట్రాల్, లివరు సంగతి కూడా అడుగు. వారం రోజులు తిన్నది, తాగింది దాచకుండా రాసుకొని ఆహార నిపుణుల దగ్గరికి పట్టుకుపో. 2002లో అమెరికాలో నీలాగా గడప మీదున్నవాళ్లకు నిపుణులు తోడుండి బరువులో 7 శాతం తగ్గించాలని లక్ష్యం పెడితే, షుగరు రావడం 58 శాతం తగ్గింది. 2006లో చెన్నై డాక్టరు రామచంద్రన్ బృందం మన దేశస్థుల మీద చూస్తే ఆ తగ్గుదల 28 శాతం. అంత కాకపోయినా తక్కువేం కాదు. నీ బరువుకు 7 శాతమంటే ఆరు కిలోలు. నెలకొకటి చొప్పున ఆరు నెలలు తీసుకో, తొందరేం లేదు.

నడుము కొలత ఈ వారమే రాయి. థైరాయిడ్ రిపోర్టు వచ్చినాక ఫోటో తీసి పంపు, నేను చూసి ఫోన్ చేస్తా.

మీ అక్క