హార్మోన్ చికిత్స తీసుకొనే పెద్దవారు – ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు

మీ నాయనగారికో, తాతగారికో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తెలిసి హార్మోన్ చికిత్స మొదలుపెట్టారా? అయితే ఈ పాఠం మీ కోసమే. సూదిమందు వేయించి ఇంటికి తీసుకొని వెళ్లడంతో మీ పని పూర్తి కాదు. ఆ తరువాత ఇంట్లో గమనించవలసినవి ఉన్నాయి.

ఈ చికిత్స ఏమి చేస్తుంది?

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం క్రింద ఉంటుంది. అక్కడ పుట్టే క్యాన్సర్ కణాలు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను వలన పెరుగుతాయి. దానిని తగ్గిస్తే వ్యాధి అణగుతుందని 1941లో చికాగోలో డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేడు వృషణాలకు ఆపరేషన్ చేసి గాని, నెలకో మూడు నెలలకో ఒకసారి సూదిమందు ఇచ్చి గాని ఈ హార్మోనును తగ్గిస్తారు.

అయితే అదే హార్మోను ఎముకలకు, కండలకు, రక్తానికి కూడా అవసరం. అది తగ్గినప్పుడు ఈ ఇబ్బందులు రావచ్చు:

1. ఎముకలు గుల్లబారడం: 2005లో అమెరికాలో 50 వేలకు పైగా రోగుల వివరాలు పరిశీలించారు. వ్యాధి తెలిసిన తరువాత ఐదేళ్లకు పైగా బ్రతికినవారిలో, ఈ చికిత్స తీసుకొన్న ప్రతి 100 మందిలో సుమారు 19 మందికి ఎముక విరిగింది. తీసుకోనివారిలో సుమారు 13 మందికే విరిగింది.

2. షుగర్, గుండెజబ్బు: పొట్ట పెరుగుతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. 2010లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఈ సూదిమందుల సమాచార పత్రంలో షుగర్, గుండెజబ్బు గురించి హెచ్చరిక చేర్చాలని ఆదేశించింది. ముందే గుండెపోటు వచ్చినవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

3. నీరసం: కండ తగ్గుతుంది, రక్తహీనత వస్తుంది. ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు వచ్చి చెమటలు పడతాయి.

4. మనసులో మార్పు: దిగులు, చిరాకు, నిద్రలేమి రావచ్చు. దాంపత్య కోరిక తగ్గుతుంది. ఇది మందు వలన వచ్చిందే గాని, భార్యపై ప్రేమ తగ్గి కాదు. ఇద్దరికీ ఈ సంగతి ముందే చెప్పండి.

ఇంట్లో ఏమి చేయాలి?

రామసముద్రం, పుంగనూరు వైపు పల్లెల్లో రాగి సంగటి మనకు అలవాటైన ఆహారమే. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. షుగర్ ఉంటే ముద్ద చిన్నది చేసి, ఆకుకూర, పప్పు, మజ్జిగ ఎక్కువ పెట్టండి. ప్రతిదినం నడిపించండి, కాసేపు ఎండలో ఉండనివ్వండి. బీడీ, సారాయి మాన్పించండి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు పడిపోకుండా దారిలో లైటు వేసి ఉంచండి. బచ్చలి తడిగా, పాచిగా ఉండకూడదు.

చికిత్సకు ముందే బి.పి., షుగర్, కొలెస్ట్రాల్, రక్తం పరీక్షలు చేయించండి. ఎముకల సాంద్రత పరీక్ష అవసరమా అని అడగండి. ఎముకల బలానికి సూదిమందు ఇవ్వబోతే ముందుగా పళ్లు చూపించండి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఛాతీలో నొప్పి, ఆయాసం, కాళ్లలో బలం తగ్గడం, కొత్తగా తీవ్రమైన నడుము నొప్పి, మూత్రం బిగుసుకుపోవడం – వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి.

ముఖ్యమైన మాట

ఇవన్నీ చదివి భయపడి సూదిమందు మీ అంతట మీరు మాన్పించకండి. వ్యాధి ఎముకలకు ప్రాకినవారికి ఈ చికిత్స నొప్పిని తగ్గించి ఆయుష్షును పెంచుతుంది. వ్యాధి తొలిదశలో ఉండి మెల్లగా పెరిగేవారికి మాత్రం ఇది వెంటనే అవసరం లేకపోవచ్చు. కనుక డాక్టరుగారిని ఈ మూడు ప్రశ్నలు అడగండి: మా నాయనకు ఇది ఎందుకు అవసరం? ఎంతకాలం ఇవ్వాలి? ఆయనకున్న ఇతర జబ్బులకు దీనివలన హాని ఉందా? జవాబులను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొని, వచ్చిన ప్రతిసారీ వెంట తెచ్చుకోండి.