భోజనశాలల నగరంలో సభాశాలల కొరత

'నాగరికత' అనే మాట 'నగర' శబ్దం నుండి పుట్టినది. ఉర్దూలో ఇదే భావాన్ని తెలిపే 'తమద్దున్' కూడా, నగరమనే అర్థం గల 'మదీనా' అనే అరబ్బీ పదానికి సోదర శబ్దమే. ఒకటి సంస్కృతం నుండి, మరొకటి అరబ్బీ నుండి మనకు సంక్రమించినవి. మూలాలు వేరైనను రెండు భాషలవారూ ఒకే సత్యాన్ని గ్రహించారు. జనం ఒకచోట గుమిగూడి ఇండ్లు కట్టుకొన్నంత మాత్రాన అది నగరం కాదు. ఒకరి మాట మరొకరు వినే ఏర్పాటు ఉన్నప్పుడే దానికి ఆ పేరు తగును. ఈ దృష్టితో మన హైదరాబాదు నగరాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఆహార వైభవం

మన నగరపు వంటకు లోకమంతటా పేరున్నది. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో మన నగరాన్ని పాకకళకు సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఇవి గర్వకారణాలే. బార్కస్ ప్రాంతంలో స్థిరపడిన యెమెన్ సంతతివారి ఇండ్లలోని మందీ నేడు నగరమంతటా వ్యాపించినది. ఒక పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని తినే ఆ పద్ధతిలో సమభావమున్నది. కనుక ఆహారాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా అభిమతం కాదు.

అయితే నేడు ఏ కొత్త కాలనీలోనైనా ప్రధాన వీధి వెంట నడచి చూడండి. షవర్మా బండ్లు, బర్గర్ దుకాణాలు, రంగురంగుల దీపాల కాఫీ షాపులు, గుహవలెనో రైలుపెట్టెవలెనో అలంకరించిన రెస్టారెంట్లు వరుసగా కనిపిస్తాయి. కొన్ని నెలల్లో ఒకటి మూతబడితే, అదే గదిలో మరొక పేరుతో మరొకటి వెలుస్తుంది. అదే వీధిలో ఒక పఠన మందిరం కోసం, పదిమంది కూర్చుని ఒక కవిత వినగల గది కోసం వెతకండి. చాలా చోట్ల నిరాశే మిగులుతుంది.

నాటి హోటలు, నేటి హోటలు

పూర్వం మాత్రం ఈ నగరంలో హోటళ్ళు లేవా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఉన్నవి, విరివిగా ఉన్నవి. ఇరాన్ నుండి వలస వచ్చినవారు నెలకొల్పిన చాయ్ హోటళ్ళు దాదాపు ప్రతి కూడలిలోనూ ఉండేవి. ఒక చాయ్‌ని 'వన్ బై టూ' చేసి ఇద్దరు పంచుకొని, ఒకే ఉర్దూ పత్రికను పుటలుగా విడదీసి నలుగురు చదువుకొని, గంటల తరబడి కూర్చున్నా ఎవరూ లెమ్మనేవారు కారు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు కవులకు, పాత్రికేయులకు, రాజకీయ కార్యకర్తలకు నెలవుగా ప్రసిద్ధి చెందినది. మఖ్దూం మొహియుద్దీన్ వంటి మహాకవి అక్కడ కూర్చునేవారని నగర సాహిత్య చరిత్ర తెలిసినవారందరూ చెప్పుకొంటారు. నేడు ఆ హోటలు లేదు.

నాటి హోటలు చాయ్‌ని అమ్మి కాలాన్ని ఉచితంగా ఇచ్చినది. నేటి హోటలు కాలాన్నే అమ్ముతున్నది. ఈ భేదాన్ని గుర్తించకుండా కేవలం రుచులు మారినవని విచారించడం వ్యర్థం.

ఇది యజమానుల దుర్బుద్ధి కాదు, అద్దెల లెక్క. ఉదాహరణకు ఒక గదిలో 40 మంది కూర్చునే వీలున్నదనుకొందాం. ఒక్కొక్కరు ముప్పావు గంటలో తిని లేచినచో, ఆరు గంటల కాలంలో ఒక్కొక్క కుర్చీలో ఎనిమిది మంది చొప్పున 320 మంది కూర్చుంటారు. అదే గదిలో కవి సమ్మేళనం జరిపితే 40 మంది వచ్చి మూడు గంటలు కూర్చుంటారు. వారిలో పలువురు ఒక చాయ్ మాత్రమే తాగుతారు. అద్దె చెల్లించవలసిన వ్యాపారి దేనిని ఎన్నుకొంటాడో వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి సంతకు వదలివేసినచో సభాశాల తనంతట తాను వెలువదు. పాఠశాలవలె, ఉద్యానవనంవలె దానిని సమాజమే కట్టుకోవాలి.

పెద్దలు కట్టి ఇచ్చినవి

మన పెద్దలు ఈ సంగతి ఎరిగినవారు. 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది. అదే అఫ్జల్‌గంజ్‌లోని నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసినది. 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ కృషితో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ స్థాపితమైనది. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టినది; అదే నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు. 1961లో రవీంద్ర భారతి ప్రారంభమైనది.

1901లో నగర జనాభా దాదాపు నాలుగున్నర లక్షలు. 2011 నాటికి అది 67 లక్షలు దాటినది. నగరం నలుదిక్కులా పెరిగినది. కాని ఈ సంస్థలలో అధిక భాగం అఫ్జల్‌గంజ్, సుల్తాన్ బజార్, ఆబిడ్స్, సైఫాబాద్, పంజాగుట్ట వంటి పాత కేంద్రాలలోనే ఉన్నవి. మాదాపూర్‌లోని శిల్పకళా వేదిక వంటి పెద్ద మందిరాలు తర్వాత రాకపోలేదు. అయితే వేలమంది పట్టే మందిరం వేరు. యాభైమంది దగ్గరగా కూర్చునే గది వేరు. కొత్త కవి తన మొదటి కవితను వేలమంది ముందు చదవలేడు. అతనికి కావలసినది ఇంటి నుండి నడచి వెళ్ళగలిగినంత దూరంలో ఒక చిన్న గది, కొన్ని కుర్చీలు, ఓపిక గల శ్రోతలు.

ఒక గ్రంథాలయం చేయగల మేలుకు డాక్టర్ సి. నారాయణరెడ్డి గారి జీవితమే నిదర్శనం. ఆయన విద్యాభ్యాసం ఉర్దూ మాధ్యమంలో సాగినది. హైదరాబాదులో చదువుకొనే రోజులలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో తెలుగు గ్రంథాలను విస్తారంగా చదివారు. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆయనను వరించింది. ఉర్దూ నేర్చిన దాశరథి కృష్ణమాచార్య గాలిబ్ కవితను 'గాలిబ్ గీతాలు'గా తెలుగువారికి అందించారు. సామల సదాశివ ఉర్దూ సాహిత్య మాధుర్యాన్ని తెలుగు పాఠకులకు జీవితాంతం పంచిపెట్టారు. ఒక భాష మరొక భాషతో కలిసి కూర్చున్నప్పుడు పుట్టిన ఫలాలివి.

రెండు భాషల కళాశాలలో చదువుకొనే మనకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. ముషాయిరా గానీ, అవధానం గానీ ఒంటరిగా అనుభవించే కళలు కావు. షేర్ చదివినవానికి 'వాహ్ వా' అనే గొంతులు కావాలి. అవధానికి ప్రశ్నించే పృచ్ఛకులు, పరవశించే సభ కావాలి. సభ లేనిచో రెండూ పుస్తకాలలో మిగిలిపోతాయి. నేడు ఉర్దూ మాట్లాడే విద్యార్థి, తెలుగు మాట్లాడే విద్యార్థి ఒకే బల్ల వద్ద ఒకే పళ్ళెంలో బిర్యానీ తింటున్నారు. ఇది సంతోషకరమే. కాని ఒకరి కవిని మరొకరు ఎరుగరు. నాలుకకు తెలిసిన స్నేహం చెవికి తెలియకపోవడమే మన నష్టం.

న్యాయమైన ఒక ఆక్షేపణ

గతమంతా బంగారమని మేము భావించడం లేదు. నాటి ఇరానీ హోటలు ప్రధానంగా పురుషుల లోకం. స్త్రీలు అక్కడ నిశ్చింతగా కూర్చుని చర్చించుకోవడం అరుదు. నేటి కాఫీ షాపులో విద్యార్థినులు నలుగురు కలిసి కూర్చుని, పుస్తకం తెరచి, జంకు లేకుండా మాట్లాడుకోగలుగుతున్నారు. ఈ ప్రయోజనాన్ని గుర్తించక తప్పదు. అయితే ఆ స్వేచ్ఛ ధర ఇచ్చుకోగలిగినవారికే పరిమితమైనది. ఒక కాఫీకి అయ్యే ఖర్చుతో ఇంట్లో ఒక పూట కూర గడిచే కుటుంబాల నుండి మనలో ఎందరో వస్తున్నారు. వారు ఎక్కడ కూర్చోవాలి? కాబట్టి మనం కోరవలసినది పాత హోటలు తిరిగి రావాలని కాదు. విద్యార్థినీ విద్యార్థులందరికీ, చేతిలో డబ్బున్నా లేకున్నా, తలుపు తెరచి ఉండే స్థలం కావాలని.

ఆహారానికీ సంస్కృతికీ వైరం లేదని నిరూపించిన ఉదాహరణ మన నగరంలోనే ఉన్నది. బంజారాహిల్స్‌లో 2010లో ప్రారంభమైన 'లామకాన్' ఒక ఇంటి ఆవరణలో నడుస్తున్నది. అక్కడ నాటకం, సంగీతం, చర్చ జరుగుతాయి. పక్కనే చాయ్, సమోసా దొరుకుతాయి. తినడానికి వచ్చినవారు వినడానికి ఆగుతారు. వినడానికి వచ్చినవారు తిని వెళతారు. ఇటువంటిది నగరానికి ఒకటి చాలదు. ప్రతి ప్రాంతానికి ఒకటి కావాలి.

కర్తవ్యం

ఇందుకు ధనం ఎక్కడిది అని అడుగవచ్చు. కొంత ధనం మనం ఇదివరకే చెల్లిస్తున్నాము. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టాన్ని అనుసరించి ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు అవుతున్నది. ఇంటి యజమాని దానిని పన్నుతో చెల్లిస్తే, అద్దెకున్నవాడు అద్దెలో భరిస్తున్నాడు. అనగా ప్రతి కుటుంబమూ గ్రంథాలయానికి భాగస్వామియే. ఆ ధనం సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరుతున్నదా, చేరినది మన ప్రాంతంలో ఏ రూపంలో కనబడుతున్నది అని అడగడం పౌరుని హక్కు. విద్యార్థికి అది మంచి పాఠం కూడా.

నేడు నగర గ్రంథాలయాలు ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులతో నిండిపోతున్నవి. వారిని తప్పుపట్టరాదు; ఇంట్లో చోటు లేకనే వారక్కడికి వస్తున్నారు. అది చోటు చాలదనడానికి సాక్ష్యమే గాని, గ్రంథాలయం అక్కరలేదనడానికి కాదు.

మా దృష్టిలో నాలుగు పనులు వెంటనే చేయదగినవి. మొదటిది, ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ ఒక గదిని సాయంకాల సమావేశాలకు కేటాయించాలి. రెండవది, సెలవు దినాలలో తాళం వేసి ఉండే పాఠశాలల, కళాశాలల సభా మందిరాలను పరిసరవాసులకు తెరవాలి. మన కళాశాల ఇందుకు ముందు నిలవాలి. మూడవది, నెలకొక సాయంకాలం ఉర్దూ, తెలుగు కవితా పఠనం ఒకే వేదికపై జరగాలి. చదివిన ప్రతి కవితకు అవతలి భాషలో తాత్పర్యం చెప్పాలి. నాల్గవది, గిరాకీ తక్కువగా ఉండే ఒక పూట తమ గదిని ఇమ్మని సమీప హోటళ్ళ యజమానులను మర్యాదగా కోరాలి. వారిలో సాహిత్యాభిమానులు లేకపోరు.

ఇక ప్రతి విద్యార్థీ ఒక చిన్న పరిశీలన చేయవచ్చును. తన ఇంటి నుండి ఒక కిలోమీటరు లోపల తినే స్థలాలెన్ని, చదివే స్థలాలెన్ని, నలుగురు కలిసి వినే స్థలాలెన్ని అని మూడు వరుసలలో వ్రాసుకోవాలి. ఆ కాగితాన్ని తన ప్రాంతపు కార్పొరేటరుకో, గ్రంథాలయాధికారికో చేర్చాలి. విన్నపం కంటే లెక్క బలమైనది.

2023లో కేరళలోని కోజికోడ్ యునెస్కోవారి సాహిత్య నగరంగా గుర్తింపు పొందినది. పాకకళకు మనకు లభించిన గౌరవాన్ని తగ్గించుకోనవసరం లేదు. ముషాయిరా, అవధానం రెండూ వర్ధిల్లిన ఈ నగరం ఆ రెండవ గౌరవానికి కూడా అర్హమైనదే. దానిని సంపాదించే భారం వంటవారిది కాదు, మనది.